మాయమైన ఏడో నంబరు ట్యాంకు

"మా ట్యాంకు పోయిందండీ," అంది లోపలికి వచ్చినావిడ, కుర్చీలో కూర్చోకముందే.

మాస్టారు కలం మూత తీసి నోటుపుస్తకం తెరిచారు. "నీళ్ళ ట్యాంకా అమ్మా, పెట్రోలుదా?"

"యుద్ధ ట్యాంకండీ."

మాస్టారి కలం కాగితం మీద అలాగే నిలబడిపోయింది. బల్లకు అవతల కూర్చున్న డిటెక్టివ్ మాత్రం వచ్చినావిడకు మంచినీళ్ళ గ్లాసు జరిపి, "ముందు గొంతు తడుపుకోండి. ట్యాంకు ఎంత దూరం పోగలదు లెండి," అంది.

డిటెక్టివ్‌కు నలభై అయిదేళ్ళుంటాయి. ఊళ్ళో అందరూ ఆమెను భూతద్దంగారంటారు. నిజానికి ఆమె దగ్గర భూతద్దం ఎన్నడూ లేదు, కళ్ళజోడు కూడా లేదు. ఇక మాస్టారు ఒకప్పుడు ఆమెకు తొమ్మిదో తరగతిలో సైన్సు చెప్పినాయన. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, తన శిష్యురాలి దగ్గరే సహాయకుడిగా చేరారు. "నా దగ్గర చదువుకున్న పిల్ల," అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటారు. ఆ పిల్ల ఏ చిక్కుముడి విప్పినా, తొలిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని వింటారు.

వచ్చినావిడ నీళ్ళు తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెది ఊరి చివర గుడారాలు, టార్పాలిన్లు కుట్టే వర్క్‌షాపు. రెండేళ్ళుగా సైన్యం కోసం గాలి ట్యాంకులు తయారు చేస్తోంది. లోపల గాలి తిత్తి, పైన కుట్టిన గుడ్డ, ఆ గుడ్డ మీద రంగులు. గాలి కొడితే అచ్చం యుద్ధ ట్యాంకులా లేచి నిలబడుతుంది. ఇంజను వేడెక్కినట్టు కనిపించడానికి కడుపులో బ్యాటరీతో వేడెక్కే పలకలు కూడా పెడతారు.

"పైనున్న ఉపగ్రహాలు మనవీ ఉంటాయి, అవతలివాళ్ళవీ ఉంటాయి కదండీ. అవి ఫొటోలు తీస్తాయి. ఆ ఫొటోల్లో మావి నిజం ట్యాంకుల్లా కనిపించాలి. అప్పుడు అవతలివాళ్ళ బాంబు ఉత్త గుడ్డ మీద పడుతుంది. మా దగ్గరుండే కెప్టెన్‌గారు ఎప్పుడూ ఒక మాటంటారు, గుడ్డ ట్యాంకు మీద పడిన ప్రతి బాంబూ నలుగురు మనుషుల మీద పడకుండా పోయినదే అని."

మాస్టారు ఆ మాట రాసుకుని, కింద గీత గీశారు.

"ఇప్పుడు పది రోజుల పరీక్ష జరుగుతోందండీ. మా వెనక మైదానంలో పన్నెండు ట్యాంకులు నిలబెట్టాం. రోజూ మన సైన్యం ఉపగ్రహం ఫొటో తీస్తుంది. ఎక్కడో దూరంగా ఆఫీసులో అయిదుగురు నిపుణులు ఆ ఫొటో చూసి, ఎన్ని ట్యాంకులున్నాయి, ఏవి నిజం, ఏవి ఉత్తుత్తివి అని రాయాలి. వాళ్ళకు మా సంగతి తెలియదు. ఎనిమిది రోజులూ పన్నెండూ నిజమేనని రాశారు. ఇవాళ తొమ్మిదో రోజు. పదకొండు గంటలకు మైదానంలోకి వెళ్ళి చూస్తే పదకొండే ఉన్నాయి. వెనక వరసలో మూలనుండే ఏడో నంబరు లేదు."

"మరి ఇవాళ్టి ఫొటో?"

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అదేనండీ నాకు పిచ్చెక్కిస్తోంది! పదీ నలభైకి తీసిన ఫొటోలో పన్నెండూ ఉన్నాయి. గేటు దగ్గర కాపలా ఉంది. గోడలు రెండు నిలువుల ఎత్తు. ఇరవై నిమిషాల్లో ట్యాంకు ఎటు పోయింది? అది అవతలివాళ్ళ చేతికి చిక్కితే మా పని ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసిపోతుంది. ఇక ఎన్ని నిలబెట్టినా సరిహద్దులో ఎవర్నీ కాపాడలేవు. రేపు పదకొండుకు కల్నల్‌గారు వస్తున్నారు. అప్పటిదాకా ఆగుతానని కెప్టెన్‌గారు మాటిచ్చారు. ఆ తరవాత గూఢచర్యం కేసే. మా వర్క్‌షాపులో పనిచేసేది అంతా మావాళ్ళే. ఎవర్ని అనుమానించమంటారు?"

డిటెక్టివ్ లేచి చెప్పులు వేసుకుంది. "ఎవర్నీ వద్దు. ముందు మైదానం చూద్దాం. మాస్టారూ, మీ స్కేలు తెచ్చుకోండి."

వర్క్‌షాపు మేడ మీద ఆఫీసు, కింద పొడవాటి కుట్టుగది, పక్కన కంప్రెసరు షెడ్డు, మైదానం అంచున రంగుల గది. మైదానంలో ట్యాంకులు రెండు వరసల్లో నిలబడి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళేదాకా మాస్టారికి అవి గుడ్డవని నమ్మకం కుదరలేదు. ఒకదాన్ని వేలితో పొడిచి చూసి, అది లోపలికి పోయి తిరిగి రాగానే చిన్నపిల్లాడిలా నవ్వారు.

వెనక వరస మూల ఖాళీగా ఉంది. డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని నేలను చూసింది. మిగతా ట్యాంకులను ఇనుప గూటాలకు తాళ్ళతో కట్టారు. ఇక్కడ గూటాలు నేలలోనే ఉన్నాయి, తాళ్ళు లేవు. గూటాలకు అవతలగా, నాలుగు మూలలా మట్టిలో వెడల్పాటి అచ్చులు పడి ఉన్నాయి.

"ఇక్కడ ఇసుక సంచులు పెట్టారా?" అని అడిగింది.

"లేదండీ," అన్నాడు వాళ్ళతో వచ్చిన కెప్టెన్. నిటారుగా నిలబడే మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. "మేం గూటాలే వాడతాం. ఇసుక సంచులు కంప్రెసరు షెడ్డు పక్కన పడుంటాయి."

"పొద్దున ట్యాంకుల దగ్గరికి ఎవరెవరు వస్తారు?"

"ఫొటో తీయడం అయ్యేదాకా ఎవరూ రాకూడదు. ఫొటోలో మనుషులు పడతారు కదా! నేనూ మేడమ్‌గారూ మేడ మీది కిటికీలోంచి చూస్తుంటాం. వెనక వరస అక్కణ్ణించి సరిగా ఆనదు."

"ఉపగ్రహం ఎప్పుడొస్తుందో ఇక్కడ అందరికీ తెలుసా?"

"తెలియాలి కదండీ. లేకపోతే అడ్డం వస్తారు. ముందురోజు సాయంత్రం బోర్డు మీద టైము రాస్తాను. ఎనిమిది రోజులూ తొమ్మిదిన్నర. ఇవాళ మాత్రం పొద్దున్నే మారింది. ఆ ఉపగ్రహాన్ని వేరే పనికి తిప్పారు, ఇంకోటి పదీ నలభైకి వచ్చింది. వచ్చి చెరిపి రాశాను."

ముందుగా గాలి మేస్త్రిని పిలిచారు. ట్యాంకులకు గాలి కొట్టేదీ తీసేదీ అతనే. కాపలామనిషి చెప్పిన దాని ప్రకారం, పదీ యాభైకి పెద్ద మూటతో స్కూటరు మీద బయటికి వెళ్ళింది కూడా అతనే. వచ్చి నిలబడేసరికే అతని చొక్కా తడిసిపోయింది.

"మూటలో ఏముంది?"

"కంప్రెసరు గొట్టమండీ. పగిలింది. అతికించడానికి ఇచ్చొచ్చాను. కావాలంటే ఆ షాపుకి ఫోను చేయండి, నా ముందే చేయండి!"

"చేస్తాం లెండి. ఒక ట్యాంకుకు గాలి కొట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఇరవై నిమిషాలు."

"తీయడానికి?"

"గంటండీ. తొందరపడితే మడతల్లో గాలి ఉండిపోతుంది, దున్నపోతులా దొర్లుతుంది గానీ మడత పడదు. సరిగ్గా తీసి మడిస్తే పెద్ద పరుపంత అవుతుంది."

"గాలి మూత తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉంటుందా?"

"పెద్దమ్మగారి దగ్గర ఇంకోటి ఉంటుందండీ. చిరుగులు కుట్టేటప్పుడు ఆవిడే తీసుకుంటారు."

పెద్దమ్మగారంటే యజమానురాలి మేనత్త. డెబ్బై ఏళ్ళ మనిషి, కుట్టుగదికి పెద్ద. ట్యాంకులకు రంగులేసేది ఆవిడ తమ్ముడే. మిషను తొక్కుతూనే మాట్లాడింది.

"పొద్దున నేనెక్కడికీ కదల్లేదమ్మా. పావుతక్కువ పదకొండుకు పెద్ద గాలి విసిరింది చూడు, నా దారం ఉండలన్నీ గదంతా దొర్లాయి. అవి ఏరుకోవడంతోనే సరిపోయింది."

"మీ తమ్ముడుగారు ఆ టైములో ఎక్కడున్నారు?"

మిషను ఆగింది. "నాకేం తెలుసు? వాడితో నాకు మాటల్లేవు. రెండేళ్ళయింది."

యజమానురాలు డిటెక్టివ్ చెవిలో చెప్పింది. "మొదటి ట్యాంకు అప్పుడు అత్తయ్య కుట్టు కనిపించకుండా బాబాయి బురద రంగు పూశాడండీ. అంత అందమైన కుట్టు మీద బురద పూస్తాడా అని అలిగింది. అప్పట్నించీ ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో నేనే పోస్ట్‌మాన్ని."

"వాడు మాత్రం ఏం చేస్తాడులే, పొద్దున మందు కూడా వేసుకోలేదు, అంత దగ్గులోనూ పని చేస్తున్నాడు," అంది పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

డిటెక్టివ్ పెదవుల చివర చిన్న నవ్వు మెరిసి మాయమైంది.

రంగుల గదిలో యజమానురాలి బాబాయి బ్రష్షులు కడుక్కుంటున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, పొట్టిగా, గడ్డంలో పచ్చ రంగు మరకతో ఉన్నాడు. ఒకప్పుడు సినిమా హాళ్ళ ముందు నలభై అడుగుల బొమ్మలు గీసినవాడు. మిషను మీద అచ్చేసే బ్యానర్లు వచ్చాక ఆ పని పోయింది. గది గోడల నిండా రంగులే, కిటికీ చెక్క మీద రంగులే, ఆఖరికి దీపం బుడ్డి మీద కూడా రంగుల చుక్కలే. నేల మీద మాత్రం పెద్ద టార్పాలిన్ శుభ్రంగా పరిచి ఉంది. కిటికీలో రెండు టీ గ్లాసులున్నాయి.

"కూర్చోండి, కూర్చోండి," అంటూ గోడవార దుప్పటి కప్పిన దిమ్మను చూపించాడు. డిటెక్టివ్, మాస్టారు, కెప్టెన్ వరసగా కూర్చున్నారు. మెత్తగా, హాయిగా ఉంది.

"మీ గదికి ఎవరైనా వస్తుంటారా?"

"నా దగ్గరికి ఎవరొస్తారమ్మా? ఈ వాసనకే పారిపోతారు." రెండుసార్లు దగ్గాడు. "ఏడో నంబరు పోయిందటగా. పాపం, దాని ఫిరంగి గొట్టం మీద తుప్పు గీయడానికి నాకు రెండు రోజులు పట్టింది."

"పైనుంచి చూసేవాళ్ళకు తుప్పు కనిపిస్తుందా?" అన్నారు మాస్టారు.

ముసలాయన ముఖం ఎర్రబడింది. "అదే మాట కెప్టెన్‌గారు కూడా అన్నారు! అడగండి!"

కెప్టెన్ కాస్త ఇబ్బందిగా కదిలాడు. "రెండు వారాల కిందట అందరూ ఉన్నప్పుడు ఒక మాటన్నానండీ. సరిహద్దుకు త్వరగా, ఎక్కువ కావాలి. వచ్చే విడత నుంచి గుడ్డ మీద మిషనుతో రంగులు అచ్చేయిద్దాం, కుట్టడం బదులు వేడి మిషనుతో అతికిద్దాం అన్నాను. ఆరువందల కిలోమీటర్ల ఎత్తు నుంచి చేతిపని ఎవరికి కనిపిస్తుంది అన్నాను."

"అందరూ ఉన్నప్పుడేనా?" అంది డిటెక్టివ్.

"అందరూ ఉన్నప్పుడే."

సాయంత్రం మేడ మీది ఆఫీసులో కెప్టెన్ ఫొటోలు చూపించాడు. అవి రహస్యం, గది దాటి బయటికి పోకూడదు. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన బల్ల మీద పెట్టాడు. పైనుంచి చూస్తే మైదానం అరచేతిలో పట్టేంత ఉంది. పన్నెండు ట్యాంకులు, వాటి పక్కన పన్నెండు నీడలు.

"వేడి ఫొటో కూడా ఉందా?" అని అడిగింది డిటెక్టివ్.

"ఉంది. అందులో పదకొండే వెచ్చగా ఉన్నాయి. ఏడోదాని బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాం. తరచూ అవుతుంటుంది."

"మాస్టారూ, రెండు ఫొటోల్లోనూ నీడలు కొలవండి."

మాస్టారు స్కేలు తీసి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కొక్కటీ కొలిచారు. "నిన్నటివన్నీ ఎనిమిది మిల్లీమీటర్లు. ఇవాళ్టివి అయిదు, అయిదు, అయిదు... ఇదేమిటి, ఒకటి ఎనిమిదొచ్చింది. నా చెయ్యి వణికినట్టుంది." మళ్ళీ కొలిచారు. మళ్ళీ ఎనిమిదే వచ్చింది.

డిటెక్టివ్ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మైదానం వైపు చూస్తూ చాలాసేపు తనలో తనే నవ్వుకుంది.

"ఏమిటమ్మా? తెలిసిపోయిందా?" అన్నారు మాస్టారు ఆత్రంగా.

"తొమ్మిదో తరగతిలో మీరు బడి ఆవరణలో కర్ర పాతి, గంటగంటకీ నీడ కొలిపించేవారు. ఎండలో నిలబెడుతున్నారని నేను మిమ్మల్ని తిట్టుకునేదాన్ని. ఇవాళ ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను." కెప్టెన్ వైపు తిరిగింది. "రేపు పొద్దున తొమ్మిదింటికి అందర్నీ రంగుల గదికి రమ్మనండి."

మర్నాడు తొమ్మిదింటికి అందరూ రంగుల గదిలో చేరారు. యజమానురాలి కళ్ళు నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి. గాలి మేస్త్రి గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడ్డాడు. పెద్దమ్మ ఒక మూల, ఆమె తమ్ముడు ఎదుటి మూల కూర్చున్నారు. కెప్టెనూ మాస్టారూ గోడవార దిమ్మ మీద కూర్చున్నారు.

"ముందు గాలి మేస్త్రిగారిని ఊపిరి పీల్చుకోమని చెప్తున్నాను," అంది డిటెక్టివ్. "గొట్టం షాపుకి ఫోను చేశాం. మూటలో గొట్టమే ఉంది."

అతను రెండో కాలు కూడా కింద పెట్టాడు.

"ఇక లెక్కకొద్దాం. పదీ నలభైకి ఫొటోలో ఏడో నంబరు ఉంది. పదకొండుకు లేదు. మధ్యలో ఇరవై నిమిషాలు. కానీ గాలి తీసి మడవడానికి గంట పడుతుంది. అంటే పదీ నలభైకి అక్కడున్నది గాలి ట్యాంకు కాదు. మరేమిటి? ఏదైనా సరే, అది వెచ్చగా లేదు. గూటాలకు కట్టి లేదు, ఇసుక సంచులతో అదిమి పెట్టి ఉంది. గూటాలతో కట్టాలంటే నిలబడే వస్తువు కావాలి. ఇసుక సంచులు దేనికి పెడతాం? పరిచిన గుడ్డకు."

యజమానురాలు నోరు తెరిచింది. డిటెక్టివ్ ఆగలేదు.

"ఇప్పుడు నీడ. ఎనిమిది రోజులు ఫొటో తొమ్మిదిన్నరకు తీశారు. నిన్న పదీ నలభైకి. సూర్యుడు పైకెక్కాడు, నీడలు పొట్టివయ్యాయి. పదకొండు ట్యాంకుల నీడలు ఎనిమిది నుంచి అయిదుకు తగ్గాయి. ఏడోదాని నీడ మాత్రం తగ్గలేదు. తగ్గని నీడ ప్రపంచంలో ఒకటే ఉంటుంది, బ్రష్షుతో వేసింది."

మాస్టారు రెండు చేతులూ తొడల మీద చరుచుకున్నారు. "నా చెయ్యి వణకలేదన్నమాట!"

"వణకలేదు మాస్టారూ. గుడ్డ మీద ట్యాంకునూ, దాని నీడనూ గీసి, ఆ మూల పరిచారు. తొమ్మిదిన్నరకు సరిపోయే నీడ గీశారు. టైము మారుతుందని వాళ్ళకు తెలియదు. ఆ తరవాత పావుతక్కువ పదకొండుకు పెద్ద గాలి విసిరింది. గుడ్డ లేచింది. ఎగిరిపోకుండా ఉరుకులు పరుగుల మీద చుట్టేసి దాచారు. అప్పుడే యజమానురాలు మైదానంలోకి వచ్చారు."

"ఎక్కడ దాచారు?" అన్నాడు కెప్టెన్.

"నేను రంగుల గదులు చాలా చూశాను. గోడల మీదా దీపం మీదా చుక్కలుండి, నేల మీద ఒక్క చుక్క కూడా లేని గది మాత్రం ఇదొక్కటే. ఈ టార్పాలినే ఆ గుడ్డ, నిన్న రంగులు కిందికి వచ్చేలా తిరగేసి పరిచారు. కెప్టెన్‌గారూ, మీరొకసారి లేచి మీ కింద ఉన్న దుప్పటి తీయండి."

కెప్టెన్ నిప్పు మీద కూర్చున్నవాడిలా లేచాడు. దుప్పటి లాగాడు. కింద చక్కగా మడతపెట్టిన ఏడో నంబరు ట్యాంకు ఉంది. నిన్న అంతసేపు దాని మీదే కూర్చుని దానికోసం ప్రశ్నలడిగామని తెలిసి మాస్టారు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు చూసి కెప్టెన్ కూడా ఆపుకోలేకపోయాడు.

నవ్వనిది ఇద్దరే. రంగులాయన తల వంచుకున్నాడు. "నేనే చేశానమ్మా. నేనొక్కణ్ణే. ఎవరికీ సంబంధం లేదు."

"ఒక్కణ్ణే ఎలా చేస్తావురా?" అంది మూల నుంచి పెద్దమ్మ. "ఆ గుడ్డ ఆరు ముక్కలు. నీకు సూది పట్టడం వచ్చా? నేను కుట్టాను. మొన్న సాయంత్రం గాలి మూత కూడా నేనే తీశాను. రాసుకోండి."

"అక్కా, నువ్వూరుకో!"

"నువ్వే ఊరుకో. దగ్గు మందు వేసుకోమంటే వినవు, పైగా జైలుకెళ్తావట!"

యజమానురాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?"

"రెండు వారాలుగా," అంది డిటెక్టివ్. "మాటల్లేని తమ్ముడు పొద్దున మందు వేసుకోలేదని అక్కకెలా తెలుస్తుంది? ఎవరూ రాని గదిలో టీ గ్లాసులు రెండెందుకుంటాయి? నేను అడగాల్సింది ఒక్కటే. ఎందుకు చేశారు?"

రంగులాయన గడ్డంలోని పచ్చ మరకను తడుముకున్నాడు. "ఒకసారి మిషను వచ్చి నా పని పట్టుకుపోయిందమ్మా. మళ్ళీ ఇన్నాళ్ళకు మా అమ్మాయి పుణ్యమా అని బ్రష్షు పట్టాను. కెప్టెన్‌గారు చేతిపని ఎవరికి కనిపిస్తుంది అన్నారు. ఆ సాయంత్రం అక్క ఈ గదికొచ్చింది. నా రంగూ వద్దన్నారు, అక్క కుట్టూ వద్దన్నారు. ఇద్దరం ఒకటే పడవలో ఉన్నాం, ఇంకా అలకెందుకనుకున్నాం. గాలి అక్కర్లేదు, తిత్తి అక్కర్లేదు, ఉత్త గుడ్డ మీద నేను గీసిన ట్యాంకును ఆ అయిదుగురూ పట్టుకోగలరేమో చూద్దామనుకున్నాం. పదో రోజు కల్నల్‌గారి ముందు చెబుదామనుకున్నాం. గాలి పాడు చేసింది. ఇంతలో గూఢచారి, కేసు అన్నారు. నాకు నోరు పెగల్లేదు."

"నాతో ఒక్క మాట చెప్తే నా నిద్ర నాకుండేది కదా బాబాయ్!" అని యజమానురాలు ఏడుపూ నవ్వూ కలిపి అతని భుజం మీద ఒక్కటి వేసింది.

డిటెక్టివ్ గోడ గడియారం చూసింది. "తొమ్మిదీ ఇరవై అయింది. పదండి, ఆ గుడ్డ పట్టుకోండి."

గుడ్డను మైదానం మూలకు మోసుకెళ్ళి, రంగులున్న వైపు పైకి తిప్పి పరిచి, ఇసుక సంచులు పెట్టారు. దగ్గర నుంచి చూస్తే అదొక పిచ్చి గీతల గుడ్డ. పచ్చా బూడిదా నలుపూ కలిసిన మరకలు, అంతే. గాలి మేస్త్రి పెదవి విరిచాడు. తరవాత అందరూ మేడ మెట్లెక్కి, పైకప్పు మీదికి చేరి, పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూశారు.

గాలి మేస్త్రి పిట్టగోడ మీదికి ఇంకాస్త వంగాడు.

మైదానంలో పన్నెండు ట్యాంకులున్నాయి. ఏడో నంబరు మిగతావాటితో పాటే నేల నుంచి పైకి లేచి నిలబడింది. దాని ఫిరంగి గొట్టం నీడ పక్క గొట్టం నీడతో సమానంగా, పొడుగ్గా పడి ఉంది. కెప్టెన్ ఒకసారి లెక్కపెట్టాడు. కళ్ళు మూసి తెరిచి మళ్ళీ లెక్కపెట్టాడు. తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మాస్టారూ," అన్నాడు మెల్లిగా, "మీకు ఏది గుడ్డో తెలుస్తోందా?"

"తెలిసి కూడా తెలియడం లేదు నాయనా."

కెప్టెన్ రంగులాయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "నేనన్న మాట తప్పండీ. పెద్దమ్మగారూ, మీతో కూడా చెప్తున్నాను. కానీ కల్నల్‌గారికి మాత్రం అంతా ఉన్నదున్నట్టు చెప్పాలి. దాచలేను."

"దాచొద్దు," అంది పెద్దమ్మ. "దాచే పని ఒక్కరోజు చేశాం, ప్రాణం మీదికొచ్చింది."

పదకొండుకు కల్నల్ వచ్చింది. జుట్టు నెరిసిన, తక్కువగా మాట్లాడే మనిషి. కెప్టెన్ మొదటి నుంచి చివరిదాకా చెప్తుంటే మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. విన్నాక మైదానంలోకి వెళ్ళి గుడ్డను చూసింది, మేడ ఎక్కి చూసింది, ఏడో నంబరు మడతలు విప్పించి అంగుళం అంగుళం తడిమింది. యజమానురాలు డిటెక్టివ్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

చివరికి కల్నల్ ఆఫీసులో కూర్చుని, అక్కాతమ్ముళ్ళను ఎదురుగా నిలబెట్టింది.

"సైన్యం వస్తువును చెప్పకుండా దాచారు. తప్పు. జరిగింది జరిగినట్టు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మళ్ళీ ఇలాంటిది జరిగితే నేనే కేసు పెడతాను."

ఇద్దరూ తలలూపారు.

"ఇక రెండోది. మా అయిదుగురు నిపుణులూ నిన్న పన్నెండూ నిజమేనని రాశారు. నీడ మారలేదని ఒక్కరికీ తట్టలేదు. లెక్కపెట్టమన్నాం, లెక్కపెట్టారు. రేపు అవతలివాళ్ళు ఇదే పని చేస్తే? వాళ్ళ గుడ్డను చూసి మనం బాంబులు వృథా చేస్తాం, వాళ్ళ అసలు ట్యాంకులు ఇంకో దారిలో వస్తాయి." ఆమె ముఖంలో మొదటిసారి చిరునవ్వు కనిపించింది. "మా నిపుణులకు పాఠం చెప్పేవాళ్ళు కావాలి. నెల రోజులు. ఉత్తుత్తి ట్యాంకు గీసేవాడికే దాని లోపం తెలుస్తుంది. వస్తారా?"

రంగులాయన అక్క వైపు చూశాడు. "నేను పాఠం చెప్పడమా?"

"నువ్వు బొమ్మ సంగతి చెప్పు, నేను కుట్టు సంగతి చెప్తాను," అంది పెద్దమ్మ. కల్నల్ వైపు తిరిగింది. "వేడి కూడా రావాలంటే ఆ గుడ్డ కింద పలకలు కుట్టొచ్చమ్మా. అతికిస్తే ఊడతాయి. కుడితేనే నిలుస్తాయి."

"కుట్టండి. పరీక్షలో మీ గాలి ట్యాంకులు నెగ్గాయి. వాటితో పాటు ఈ గుడ్డవి కూడా చేయించి చూద్దాం. చేత్తోనే," అంది కల్నల్ కెప్టెన్ వైపు చూస్తూ. కెప్టెన్ నిటారుగా నిలబడి, "చేత్తోనే మేడమ్," అన్నాడు. గుమ్మం అవతల చెవులు రిక్కించుకుని ఉన్న గాలి మేస్త్రి చప్పట్లు కొట్టి, నాలుక కరుచుకున్నాడు. యజమానురాలు అత్తయ్యనూ బాబాయినీ రెండు చేతులతో చుట్టేసింది.

సంతకాలయ్యాక రంగులాయన కదల్లేదు.

"అమ్మా, ఒక్క కోరిక. నేను గీసిన బొమ్మలన్నీ కింద నిలబడే చూశాను. పైనుంచి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఆ ఫొటో ఒకటి ఇస్తారా?"

"ఇవ్వలేను. రహస్యం," అంది కల్నల్. అతని ముఖం చూసింది. "చూపించగలను. కెప్టెన్, ఆ తెర ఇటు తిప్పు."

కెప్టెన్ తెర తిప్పి, కుర్చీ లాగి వేశాడు. ఆకాశంలో ఆరువందల కిలోమీటర్ల పైనుంచి తీసిన ఫొటోలో మైదానం మెల్లగా పెద్దదవుతూ వచ్చి, వెనక వరస మూల దగ్గర ఆగింది. రంగులాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తెరకు ముక్కు ఆనేంతగా వంగాడు. పక్కన అక్క నిలబడింది. గదిలో అందరూ అతను ఏమంటాడా అని చూస్తున్నారు. మాస్టారి కళ్ళు అప్పటికే తడిశాయి.

చాలాసేపటికి అతను తల ఎత్తాడు.

"ఫిరంగి గొట్టం చివర నలుపు కాస్త ఎక్కువైంది," అన్నాడు. "ఇంకో గుడ్డ ఇయ్యి అక్కా, మళ్ళీ గీస్తాను."